వంకాయ పత్తెం

పుకారు పుట్టించడం ఎవరికైనా చేతనవుతుంది. దాన్ని చంపకుండా నీరసపరచడమే కష్టం. హనుమకొండలోని ఆ పరిశోధన కేంద్రం రెండో అంతస్తులో నీరజ చేసే ఉద్యోగం అదే. ఏం చేస్తున్నావని చుట్టాలు అడిగితే "టీకాల ఆఫీసు" అని చెప్పి ఊరుకునేది. నిజానికి ఆ అంతస్తులో సూది లేదు, సీసా లేదు, ఐసు పెట్టె లేదు. కొద్దిమంది మనుషులు, బోలెడన్ని కంప్యూటర్లు, ఒక టీ ఫ్లాస్కు, అంతే.

నీలిజ్వరం వచ్చి అది రెండో ఏడు. పెదాలు నీలమెక్కి, ఊపిరందక జనం పోతున్నారు. టీకా వచ్చింది, చక్కగా పనిచేస్తోంది కూడా. కానీ టీకా ఊళ్లకు చేరేలోపే దాని మీద పుకార్లు ఫోన్లలో చేరిపోయాయి. వేయించుకుంటే పిల్లలు పుట్టరన్నారు. ఉన్న పిల్లలు కూడా దక్కరన్నారు. డాక్టర్లు ఖండించారు. ఖండించేకొద్దీ అవి బలిశాయి. మనవాళ్లకు ఒక గుణం ఉంది. ఎవరైనా మరీ గట్టిగా కాదన్నారంటే అందులో ఏదో ఉందనుకుంటారు.

ఆ కేంద్రానికి పెద్ద అయిన డాక్టర్ ఫణీంద్రకు అక్కడే ఒక ఉపాయం తట్టింది. నీరసపడిన క్రిమిని ముందుగా ఒంట్లోకి పంపితే, అసలు క్రిమి వచ్చినప్పుడు ఒళ్లు దాన్ని గుర్తుపట్టి తరిమేస్తుంది. పుకారును కూడా అలాగే నీరసపరిచి ముందుగా జనంలోకి వదిలితే? మొదటి ప్రయోగం కోడి మీద చేశారు. "టీకా వేసుకున్న ఆసామి ఇంట్లో కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయట" అని ఒక వార్త అల్లి వాట్సాప్ గ్రూపుల్లోకి వదిలారు. జనం పడీ పడీ నవ్వారు. కొన్నాళ్లకు పిల్లలు పుట్టరన్న అసలు పుకారు ఆ ఊళ్లకు చేరితే, "మళ్లీ కోడి కథేనా" అని తీసి పారేశారు. టీకా శిబిరాల ముందు జనం కనపడ్డారు. ఫణీంద్ర ఆ రోజు ఆఫీసులో అందరికీ బిర్యానీ తెప్పించాడు.

అప్పటినుంచి అక్కడ తయారయ్యే ప్రతి నీరసపు పుకారునూ "డోసు" అనడం అలవాటైంది. డోసు బయటికి వెళ్లే ముందు దాన్ని చిలక పరీక్షించాలి. చిలక అంటే ముజీబ్ రాసిన యంత్రం. వరంగల్ కుర్రాడు, మాట తక్కువ, పని ఎక్కువ. ఒక మాటను చిలకకు వినిపిస్తే, అది వేలమంది ఫోన్లు దాటాక చివరికి ఏ రూపంలో తేలుతుందో ముందే పలికి చూపిస్తుంది. నాలుగు జిల్లాల జనం ఏళ్లతరబడి రాసుకున్న కబుర్లన్నీ దానికి మేతగా వేశారు.

ఒకరోజు పొద్దున ముజీబ్ కుర్చీ ఇటు తిప్పి, "మేడమ్, కొత్తది బయలెల్లింది" అన్నాడు. టీకా ఒంట్లో వేడి పుట్టిస్తుందని, ఆ వేడికి మూత్రపిండాలు మాడిపోతాయని ఎక్కడో మొదలైంది. అది జిల్లాకు చేరేలోపు డోసు సిద్ధం చేయాలి.

"వేడి అన్న మాట ఉండాలి, కానీ వింటే నవ్వు రావాలి" అన్నాడు ఫణీంద్ర. "నీరజ గారూ, మీరేమంటారు?"

నీరజ పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత టకటకా కొట్టింది. "టీకా వేసుకున్నోళ్లు మండలం నలభై దినాలు వంకాయ తినొద్దు. తింటే వేడి చేసి ఒళ్లంతా వంకాయ రంగుకొస్తది. మా పక్కింటాయనకు అయ్యింది, ఫొటో అడగొద్దు."

ఫణీంద్ర నవ్వితే పొట్ట ఊగుతుంది. ఆ రోజు ఊగింది. చిలక కూడా సరేనంది. జనం దీన్ని ఎగతాళి చేసి వదిలేస్తారని, మూడో చేతికి పోయేసరికి ఉత్త జోకైపోతుందని పలికింది. మధ్యాహ్నం భోజనాల లోపే డోసు వెళ్లిపోయింది.

ఎవరూ నవ్వలేదు.

నాలుగు రోజులకు ఆ సంగతి నీరజకు యంత్రం కంటే ముందు వాళ్లక్క చెప్పింది. నీరజ అక్క సరోజన పరకాలలో కర్రీ పాయింటు నడుపుతుంది. తల్లి పోయాక నీరజను చదివించింది ఆ అక్కే. భర్త పోయాక, కూతురు అఖిలను డిగ్రీలో చేర్పించిందీ ఆ కూరల పొట్లాల మీదనే. ఒంట్లో ఒక్కటే బాధ. చిన్నప్పటినుంచీ ఫిట్సు. రోజూ పొద్దున ఒక గోళీ, మాపున ఒక గోళీ వేసుకుంటే ఏమీ ఉండదు, మానితే వస్తుంది. ఈ విషయం నీరజకు, అఖిలకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే తన చేతి కూర ఎవరూ కొనరని సరోజన భయం.

"ఏందే నీరూ, మీ ఆఫీసు మాట ముందుగాల నాకు జెప్పొద్దా?" అంది ఫోనులో. "గంపెడు గుత్తొంకాయ వండిన. ఒక్కలు ముడ్తలేరు. అందరు టీకా ఏసుకున్నోళ్లేనట, పత్తెమట."

నీరజకు నవ్వొచ్చింది. "నమ్మిన్రా అక్కా?"

"నమ్ముడేంది, మొన్నటిదాక నేను గూడ టీకా అంటే ఎనుకకు జరిగిన గదా. పత్తెం ఉన్నదని దెలిసినంక పొయ్యి ఏయించుకున్న. పత్తెం లేని మందుల ఏం దమ్ముంటది? కామెర్ల పసరుకు పత్తెం లేదా, బాలింతకు పత్తెం లేదా? మీ టీకాకే ఏ పత్తెం లేదంటే మాకు అనుమానం రాదా మరి?"

నీరజకు ఎంత తెలివితక్కువ పని చేశామో, అది ఎంత బాగా కలిసొచ్చిందో ఒక్కసారే అర్థమైంది. ఆ గదిలో ఉన్నవాళ్లంతా పత్తెం తిని పెరిగినవాళ్లే. జ్వరం తగ్గాక తల్లి పెట్టిన చారన్నం, బీరకాయ కూర ఎవరూ మరిచిపోలేదు. అయినా కంప్యూటర్ల ముందు కూర్చునేసరికి అది నవ్వుకునే విషయం అనిపించింది. చిలకకూ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? పత్తెం సంగతి ఎవరూ రాసుకోరు, పొయ్యి దగ్గర చెప్పుకుంటారు. చిలక తిన్న మేతంతా రాతలే.

సాయంత్రానికి లెక్కలు కూడా అదే చెప్పాయి. టీకా శిబిరాలకు జనం విరగబడుతున్నారు. సూది వేసే నర్సులను "అమ్మా, పత్తెం ఎన్ని దినాలు?" అని అడుగుతున్నారు. పత్తెం ఏమీ లేదన్న నర్సును పక్కనపెట్టి, ఉందన్న నర్సు దగ్గర వరస కడుతున్నారు.

"మరి ఇది తప్పని చెప్పాలి కదా సార్" అంది నీరజ.

"వంకాయ తినకపోతే ఎవరైనా చచ్చిపోతారా?" అన్నాడు ఫణీంద్ర. "మా ఆవిడ ఆస్పత్రిలో చేస్తుంది. రోజూ ఇంటికొచ్చి, ఈ రోజు ఎంతమంది పోయారో చెప్పకుండా స్నానానికి వెళ్లిపోతుంది. ఆ నీళ్ల చప్పుడు వింటూ కూర్చుంటాను నేను. మీరు రాసిన ఒక్క ముక్కతో ఈ నాలుగు రోజుల్లో జిల్లా అంతా టీకా వేయించుకుంది. దయచేసి దాన్ని ముట్టుకోకండి."

ముట్టుకోలేదు. నీరజకు లోపల కాస్త గర్వంగా కూడా ఉంది. అక్క టీకా వేయించుకుంది మరి. ఎన్ని నెలలు బతిమాలినా వినని అక్క, ఒక వంకాయకు విన్నది.

నీరసపరిచిన క్రిములతో ఒక చిక్కు ఉంటుంది. ఒంటినుంచి ఒంటికి తిరిగి తిరిగి, ఎప్పుడో ఒకప్పుడు వాటికి పాత బలం తిరిగి రావచ్చు. ఫణీంద్ర తన పాఠాల్లో ఆ మాట ఎన్నోసార్లు చెప్పాడు. పుకారు విషయంలో మాత్రం ఆయనకు గుర్తు రాలేదు.

వంకాయ తర్వాత పుంటికూర చేరింది. ఆ తర్వాత కోడికూర, చింతపండు. పత్తెం కదా, పెరగకపోతే మర్యాద ఏముంది? ఒక ఊరివాళ్లు పెరుగు మానేశారు, ఇంకో ఊరివాళ్లు తలస్నానం మానేశారు. ముజీబ్ ఒక్కొక్కటీ పట్టుకొచ్చి చూపిస్తుంటే మొదట్లో అందరూ నవ్వుకునేవారు. తర్వాత ఒకరోజు అతను ఏమీ అనకుండా తన తెర నీరజ వైపు తిప్పాడు. ఎవరిదో గొంతు, పెద్దమనిషి గొంతు, చాలా ప్రేమగా చెబుతోంది.

"అమ్మలారా, పత్తెంలున్నన్ని దినాలు వేరే గోళీలు మింగొద్దు. టీకా ఒంట్లె పని చేస్తుంటది. దాని మీద ఇంకో మందు పడితే రెండు కొట్లాడుతయి. బీపీ గోళి, షుగరు గోళి, ఏదైనా సరే, మండలం ఆపుండ్రి. ఒళ్లు దానంతటదే సాఫ్ అయితది."

నీరజ వెంటనే అక్కకు ఫోను చేసింది.

"అక్కా, గోళీలు ఏసుకుంటున్నవా?"

అవతల నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు. "ఏసుకుంటున్న తియ్."

"నా మీద ఒట్టు పెట్టి జెప్పు."

"గిరాకి టైముల ఒట్లేందే? మస్తు మంచిగున్న. ముందటికంటే ఒళ్లు తేలికైంది." పెట్టేసింది.

సరోజన అబద్ధం చెబితే చెల్లెలికి తెలుస్తుంది. ఒట్టు వేయమంటే గిరాకీ గుర్తొచ్చిందంటేనే తెలిసిపోయింది. నీరజ నేరుగా ఫణీంద్ర గదిలోకి వెళ్లి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పత్తెం మనమే పుట్టించామని చెప్పేద్దాం సార్. జోకుగా రాశామని, తప్పయిందని. ఇవాళే చెప్పాలి."

ఫణీంద్ర కళ్లద్దాలు తీశాడు. "చెబితే ఏమవుతుందో మీకు తెలియదా? పత్తెం అబద్ధమైతే టీకా కూడా అబద్ధమే అంటారు. రెండో విడత టీకాకు ఒక్కడు రాడు. గోళీలు మానిన వాళ్లు వందల్లో ఉంటారేమో. నీలిజ్వరానికి పోయేవాళ్లు వేలల్లో ఉంటారు. నన్నేం చేయమంటారు?"

"మా అక్క ఉంది సార్ ఆ వందల్లో."

ఆయన చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నీరజకు తిట్టుకోవడానికైనా వీలుండేది. "గోళీలు మానొద్దని డాక్టర్లతో చెప్పిస్తాను. అధికారికంగా ప్రకటన ఇప్పిస్తాను" అన్నాడు. అన్నట్టే ఇప్పించాడు. టీవీలో వచ్చింది, పేపర్లో వచ్చింది, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. జనం మర్యాదగా విన్నారు, సరేనన్నారు, గోళీల డబ్బాలు తీసి అటక మీద పెట్టారు. గట్టిగా కాదన్నారంటే అందులో ఏదో ఉన్నట్టే కదా.

ఆ వారమంతా నీరజ రోజూ ఫోను చేసింది, సరోజన రోజూ వేసుకుంటున్నాననే చెప్పింది. ఎనిమిదో రోజు పొద్దున అఖిల ఫోను చేసింది. మొదట మాట రాలేదు, ఏడుపే వచ్చింది.

"చిన్నమ్మా, అమ్మ పొయ్యి ముంగట పడిపోయింది. ఫిట్స్ వచ్చింది. చెయ్యి నూనెల వడ్డది. దవాఖానల కట్టు గట్టిన్రు. గోళీలు మళ్ల మొదలువెట్టకుంటే ఇంకోసారి ఆగకుంట వస్తదట, అప్పుడు మనిషి దక్కదని డాక్టరు సార్ అన్నడు. అమ్మ ఇంటలేదు చిన్నమ్మా. నువ్వు రా."

నీరజ బ్యాగు తీసుకుంది. బస్టాండుకు పోయే ముందు ఒక్క పని చేయాలనుకుంది. ఉద్యోగం పోతుందని తెలుసు. ఇక ఫణీంద్ర మొహం చూడలేనని కూడా తెలుసు. మెట్ల దగ్గర నిలబడి, ఫోను ఎదురుగా పట్టుకుని, తన పేరు, తన ఆఫీసు పేరు చెప్పి, ఉన్నదున్నట్టు మాట్లాడింది. వంకాయ పత్తెం తనే రాసిందని, అది ఉత్త కల్పన అని, నవ్వుతారనుకున్నామని, టీకాకు ఏ పత్తెమూ లేదని, గోళీలు ఆపితే ప్రాణం మీదికి వస్తుందని చెప్పింది. చివర్లో ఏడ్చేసింది. "మా అక్కే ఆపింది. నా తప్పుకు మీరు బలికావద్దు" అని చేతులు జోడించింది. తెలిసిన ప్రతి గ్రూపులోనూ దాన్ని పెట్టింది.

పరకాల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. తిట్లు వస్తాయని తెలుసు. తిట్టినా ఫరవాలేదు, గోళీ వేసుకుంటే చాలు. భయపడుతూనే ఫోను తెరిచింది.

తిట్లు లేవు. నవ్వులు ఉన్నాయి. తెర నిండా కళ్లనీళ్లొచ్చేలా నవ్వే పసుపుపచ్చ మొహాలు. "వంకాయ మేడమ్ వచ్చింది రోయ్" అని ఒకరు. "ఏడుపు మంచిగ యాక్ట్ చేసింది" అని ఇంకొకరు. "ఏసీ రూముల పుకార్లు అల్లే మేడమ్ నువ్వేనా? కోడిగుడ్డు గూడ నువ్వే పెట్టినవా?" అని మరొకరు. ఒక్కరంటే ఒక్కరు కూడా కోప్పడలేదు. కోపం వచ్చిందంటే నమ్మినట్టు. వీళ్లంతా ఈ జోకు ఇదివరకే ఎక్కడో విన్నట్టు నవ్వుతున్నారు.

విన్నట్టు కాదు, వినే ఉన్నారు. ఆ మాట తట్టగానే నీరజ ముజీబ్‌కు ఫోను చేసింది.

"ముజీబ్, నిజం చెప్పు. నాకు తెలియకుండా ఏదైనా డోసు పోయిందా?"

"వారం కింద మేడమ్. మీరు సార్ రూములోకెల్లి వచ్చినంక. బొమ్మల వీడియో. ఒక ఆఫీసుల సార్లు, మేడములు కూసోని ఏసీ ఏసుకోని పుకార్లు వండుతుంటరు. ఒకామె ఏడ్సుకుంట పత్తెం నేనే రాసిన్నని ఒప్పుకుంటది. మస్తు నవ్వొస్తది మేడమ్. సార్ చెయ్యమంటె చేసిన. ఎప్పుడన్న విషయం బయటవడితె టీకాకు దెబ్బ తగలొద్దని అన్నడు."

"పట్టిందా?"

"కోడి కంటె మంచిగ పట్టింది" అన్నాడు ముజీబ్, గొంతు తగ్గించి. "మాఫ్ చెయ్యుండ్రి మేడమ్."

నీరజ ఫోను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. ఫణీంద్ర పుకారును కాదు, నిజాన్నే నీరసపరిచి ముందుగా జనానికి పోశాడు. ఇక అసలు నిజం ఏ రూపంలో వచ్చినా జిల్లా మొత్తం దాన్ని గుర్తుపట్టి నవ్వి తరిమేస్తుంది. ఆ పద్ధతిని మెరుగుపరచడానికి రెండేళ్లు చెమటోడ్చింది ఎవరు? తనే. తన మీద తనకే అసహ్యం వేసింది. పక్క సీటులోని ముసలమ్మ "తల తిప్పుతున్నదా బిడ్డా" అని నిమ్మకాయ ఇచ్చింది. నీరజ పుచ్చుకుంది.

కర్రీ పాయింటుకు తాళం వేసి ఉంది. వెనక ఇంట్లో సరోజన గోడకు ఆనుకుని కూర్చుంది. ఎడమ చేతికి మోచేతిదాకా కట్టు, నుదుటిమీద కమిలిన మచ్చ. చెల్లెలిని చూడగానే మొహం వెలిగింది.

"వచ్చినవా యాక్టరు?" అంది. "నీ వీడియో చూసిన. మహిళా సంఘం గ్రూపుల అందరు నవ్వుడే నవ్వుడు. నేనన్న, మా చెల్లెను ఆఫీసోళ్లే గట్ల చెయ్యమన్నరు, లేకుంటె అదెందుకు ఏడుస్తదని."

"అక్కా, అది నిజం. నీ కాళ్లు మొక్కుత. పత్తెం నేనే రాసిన. ఆ రోజు ఊకె కూసోని రాసిన."

సరోజన నవ్వింది. ఒళ్లంతా కదిలేలా నవ్వింది, చెయ్యి నొప్పికి మధ్యలో ఆగి మళ్లీ నవ్వింది. "ఆ బొమ్మల మేడమ్ గూడ గిట్లనే అంటది. అఖిలా, చిన్నమ్మకు చూపియ్యే."

అఖిల చూపించలేదు. మూల నిలబడి గోళీల అట్ట చేతిలో నలుపుతోంది.

"మరి ఫిట్స్ ఎందుకొచ్చింది అక్కా? ఎన్నేండ్లాయె రాక?"

"టీకా పని చేస్తున్నది గద. లోపలున్న రోగమంత బయటికి వెళ్లగొడుతున్నది. మండలం నిండనియ్యి, ఇగ జన్మల గోళి అక్కెర ఉండదు. ఎన్ని ఏండ్లు మింగాలె నీరూ? దాసుకోని దాసుకోని ఎన్ని ఏండ్లు మింగాలె?" ఆ ఒక్క మాట దగ్గర నవ్వు పోయింది. పత్తెం ఎందుకు అంత గట్టిగా పట్టుకుందో నీరజకు అప్పుడు తెలిసింది. వంకాయ మానితే రోగం పోతుందన్న ఆశ ఇచ్చింది తనే. ఏ డాక్టరూ ఇవ్వని ఆశ అది.

నీరజ వాదించింది, ఏడ్చింది, కోప్పడింది. డాక్టరు రాసిన చీటీ చూపించింది. సరోజన ప్రతిదానికీ "సరే బిడ్డా" అంటూ తల ఊపింది, గోళీ ఇస్తే మాత్రం నోరు బిగించింది. అలా మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆమె బాగున్న చేతి వేళ్లు చిన్నగా అదరడం మొదలుపెట్టాయి. కళ్లు ఒకచోట నిలిచిపోయి, మళ్లీ కదిలాయి. "ఏదో కాలిన వాసన వస్తున్నదేందే" అంది. పొయ్యి వెలిగించి లేదు. ఫిట్సు వచ్చే ముందు ఆమెకు ఆ వాసన వస్తుంది. చిన్నప్పుడు ఆ మాట వినగానే నీరజ దిండు కోసం పరిగెత్తేది.

అఖిల "చిన్నమ్మా" అంది. ఆ పిల్ల గొంతులో భయం భరించలేకపోయింది నీరజ.

ఇక ఆలోచించలేదు. కళ్లు తుడుచుకుంది. గొంతు సర్దుకుంది. నీరజకు చేతనైన విద్య ఒక్కటే ఉంది.

"సరే అక్కా. దొరికిపోయిన. వీడియో ఆఫీసోళ్లే చెయ్యమన్నరు" అంది.

సరోజన చూపు చెల్లెలి మీద నిలిచింది. "నేననలే?"

"పత్తెం నిజమే. కానీ గ్రూపులల్ల సగమే వచ్చింది. అసలు సంగతి మా పెద్ద సారు పైకి చెప్పనియ్యలే." నీరజ గొంతు తగ్గించింది. గుట్టు చెప్పేటప్పుడు గొంతు ఎంత తగ్గించాలో ఆమెకు బాగా తెలుసు. "పాత గోళీలు ఆపొద్దట. ఆపితే టీకా ఒంట్లె పట్టదట. కాని ఉత్త నీళ్లతోని మింగితే కొట్లాడుతయి. బెల్లం నీళ్లతోని మింగాలె. గిలాసెడు. తూర్పు దిక్కు కూసోని."

"బెల్లం నీళ్లా" అంది సరోజన. ఆలోచించింది. "చలువ చేస్తది గద బెల్లం నీళ్లు. గట్ల జెప్పు మరి. గీ మాట ముందుగాల్నే జెప్తె ఒడిసిపోవు గద."

అఖిల వంటింట్లోకి పరిగెత్తి బెల్లం కరిగించుకొచ్చింది. సరోజన తూర్పు వైపుకు జరిగి కూర్చుని, గోళీ నోట్లో వేసుకుని, గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది. ఎక్కడ వాంతి చేసుకుంటుందో, ఎక్కడ ఈలోపే కింద పడుతుందోనని నీరజ ఆమె తల ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. అదురు కాసేపు ఉంది. తర్వాత, గోళీకో దానంతటదేనో, మెల్లమెల్లగా వేళ్లు నిలిచాయి. వాసన పోయిందా అని అడిగితే పోయిందంది. అఖిల గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చింది. నీరజకూ ఏడుపు ఆగలేదు. అక్క బతికింది. ఆ క్షణంలో ఆమెకు జిల్లా అక్కర్లేదు, ఆఫీసు అక్కర్లేదు, నిజం కూడా అక్కర్లేదు. అక్క నెత్తిమీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయింది. అంత హాయి ఈ మధ్య ఎప్పుడూ లేదు.

ఆ హాయిలోనే ఆమె కాసేపు కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచేసరికి సరోజన లేచి కూర్చుని ఉంది. బాగున్న చేతిలో ఫోను నోటికి దగ్గరగా ఉంది.

"అక్కలారా, చెల్లెలారా, సరోజనను మాట్లాడుతున్న. మా చెల్లె టీకాల ఆఫీసుల పెద్ద కొలువు జేస్తది, మీకెరికే. దాని నోటితోని ఇప్పుడే జెప్పింది, పైకి చెప్పొద్దన్నరట. గోళీలు ఎవ్వలు ఆపొద్దు. బీపీ గోళైనా, షుగరు గోళైనా, ఏదైనా బెల్లం నీళ్లతోని మింగాలె. గిలాస నిండ. నేను తాగిన, ఇప్పుడే పానం మంచిగైంది."

"అక్కా, ఆగు" అని నీరజ చెయ్యి చాచేలోపు వేలు పైకి లేచింది. చిన్న చప్పుడుతో అది వెళ్లిపోయింది.

ఫోను తీసుకుని చెరిపేద్దామనుకుంది. అప్పటికే దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, వాటి కింద బాణం గుర్తులు. ఎవరో ఇంకో గ్రూపుకు పంపామన్నారు. ఎవరో తమ ఊరి సంఘానికి పంపామన్నారు. ఈసారి ఒక్క నవ్వు మొహం లేదు.

తర్వాత ఒక గొంతు వచ్చింది. వయసైన ఆడమనిషి. "సరోజనా, మా ఆయనకు షుగరు మస్తున్నది బిడ్డా, సూది మీద ఉంటడు. బెల్లం ఎంత ఎయ్యాలె? పొద్దున మాపున రెండు పూటల తాగాల్నా? జెర అడిగి జెప్పు."

సరోజన ఫోను చెల్లెలి చేతిలో పెట్టింది. కట్టు కట్టిన చేతితోనే ఆమె భుజం తట్టింది.

"నువ్వే జెప్పు నీరూ" అంది. "నీ మాటైతె నమ్ముతరు."